మంటలోంచి నీళ్లు తీసిన మితభాషి: హెన్రీ కావెండిష్



ఈ నెల సైన్స్ పేజీలో ఒక శాస్త్రవేత్త జీవితం గురించి మీతో పంచుకుంటాను. దానికంటే ముందు మా ల్యాబ్‌లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. అది జరగకపోయి ఉంటే ఈయన జీవితాన్ని నేను ఇంత శ్రద్ధగా చదివేదాన్ని కాదు.

టెన్త్ క్లాస్ పిల్లలకు హైడ్రోజన్ ప్రయోగం ప్రతి ఏడాదీ చేసి చూపిస్తాం. మీలో చాలామంది మీ స్కూల్ రోజుల్లో చూసే ఉంటారు. టెస్ట్ ట్యూబ్‌లో నాలుగు జింకు ముక్కలు వేసి, నీళ్లు కలిపి పలుచన చేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే బుసబుసా బుడగలు వస్తాయి. ఆ గాలిని బోర్లించిన ఇంకో పొడి ట్యూబ్‌లోకి పట్టి, మూతి దగ్గర వెలుగుతున్న అగ్గిపుల్ల పెడితే టప్పుమని చిన్న పేలుడు. పిల్లలంతా ఒక్కసారి కేక పెడతారు. నేను బోర్డు మీద సమీకరణం రాస్తాను, వాళ్లు నోట్స్‌లోకి ఎక్కించుకుంటారు, బెల్ కొడతారు.

కిందటేడు ప్రయోగం అయిపోయాక ఒక అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. పేలుడు అయిన ట్యూబ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, లోపలి గోడకు పట్టిన సన్నని చెమ్మను వేలితో చూపించింది. ఏమీ అడగలేదు. నేను తొందరలో ఉన్నాను. తర్వాతి సెక్షన్ పిల్లలు అప్పటికే బయట వరసలో నిలబడి ఉన్నారు. ట్యూబ్ సరిగా తుడిచి ఉండరనో, యాసిడ్ ట్యూబ్‌లోని తడి వచ్చి ఉంటుందనో ఏదో చెప్పి పంపేశాను. ఆ నెల ప్రోగ్రెస్ రిపోర్టులో ఆమె పేరుకు ఎదురుగా, క్లాసులో పాల్గొనదు అని కూడా రాశాను.

తర్వాత వేసవి సెలవుల్లో హైడ్రోజన్ పాఠం కోసం కొత్తగా నోట్స్ తయారు చేసుకుంటుంటే 1781 నాటి ఇంగ్లండ్ ఎదురైంది. అదే ప్రయోగం, అదే చెమ్మ. దాన్ని చూసి సరిగ్గా నేను చెప్పిన మాటే చెప్పి వదిలేసిన పెద్దమనుషులు కనిపించారు. వదిలిపెట్టని మనిషి కూడా ఒకాయన కనిపించాడు. ఆయన కూడా క్లాసులో పాల్గొనని రకమే.

తండ్రి వేలు పట్టుకుని

హెన్రీ కావెండిష్ 1731 అక్టోబర్ 10న నీస్ నగరంలో పుట్టాడు. ఇప్పుడది ఫ్రాన్స్‌లో ఉంది. ఇంగ్లండ్‌లోని గొప్ప జమీందారీ కుటుంబాల్లో వాళ్లది ఒకటి. తాతగారు డెవన్‌షైర్ డ్యూక్. హెన్రీకి దాదాపు రెండేళ్ల వయసులో, తమ్ముడు పుట్టిన కొద్ది కాలానికే తల్లి చనిపోయింది. తండ్రి లార్డ్ చార్లెస్ కావెండిష్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఇద్దరు పిల్లలనూ పెట్టుకుని లండన్‌లో ఉండిపోయాడు.

ఆ తండ్రి గురించి మీకు కొంచెం చెప్పాలి. ఆయనకు సైన్స్ అంటే ప్రాణం. ఒక రోజులో వేడి ఎంత ఎక్కువకు వెళ్లిందో, ఎంత తక్కువకు దిగిందో తనంతట తానే గుర్తు పెట్టే థర్మామీటర్లు తయారు చేసి, 1757లో రాయల్ సొసైటీ వారి కోప్లే పతకం అందుకున్నాడు. ఆ రోజుల్లో శాస్త్రవేత్తకు దొరికే అతి పెద్ద గౌరవం అదే.

హెన్రీ పదకొండేళ్ల వయసులో హాక్నీలోని ఒక బోర్డింగ్ స్కూల్‌కు వెళ్లాడు. ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లోని పీటర్‌హౌస్ కాలేజీలో మూడేళ్లకు పైగా చదివి, 1753లో డిగ్రీ తీసుకోకుండానే బయటికి వచ్చేశాడు. ఇంటి పేరుకు ఉన్న బలంతో పార్లమెంటుకు వెళ్లొచ్చు, రాజుగారి కొలువులో చేరొచ్చు. ఆయన ఆ దారి వైపు చూడలేదు. గ్రేట్ మార్ల్‌బరో వీధిలోని తండ్రి ఇంట్లోనే ఉంటూ, అక్కడే ల్యాబ్ పెట్టుకుని పని మొదలుపెట్టాడు. తండ్రికి చేదోడుగా ఉంటూనే కొలవడం నేర్చుకున్నాడు.

1758 నుంచి తండ్రి ఆయన్ను తన అతిథిగా రాయల్ సొసైటీ సమావేశాలకు వెంటబెట్టుకుని వెళ్లేవాడు. అప్పటికి హెన్రీకి 26 ఏళ్లు. 1760లో సొసైటీ సభ్యుడయ్యాడు. మాట రాని కొడుకును వేదిక ఎక్కించి ఉపన్యాసం చెప్పించడం కాదు, తనలాంటి వాళ్లు కూర్చునే చోట ఒక కుర్చీ చూపించడం ఆ తండ్రి చేసిన పని.

మండే గాలి

సొసైటీలో చేరిన ఆరేళ్ల వరకూ కావెండిష్ పేరు మీద ఒక్క పరిశోధన పత్రం కూడా అచ్చు కాలేదు. 1766లో వచ్చిన మొదటిదే ఆయన్ను నిలబెట్టింది. మన ల్యాబ్‌లో పిల్లలు చూసే ప్రయోగానికి మూలం అదే.

లోహాల మీద యాసిడ్ పోస్తే మండే గాలి ఒకటి వస్తుందని అంతకు వందేళ్ల ముందు నుంచీ కొందరికి తెలుసు. కానీ గాలి అంటే గాలే, ఎక్కడున్నా ఒకటే అనుకునే కాలం అది. కావెండిష్ జింకు, ఇనుము, తగరం తీసుకున్నాడు. ఒకసారి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో, ఒకసారి పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కలిపి చూశాడు. ఒక తూకం జింకుకు ఏ యాసిడ్ పోసినా వచ్చే గాలి పరిమాణం ఒకటేనని తేల్చాడు. ఆ గాలిని తిత్తిలో పట్టి తూచాడు. మామూలు గాలికంటే 11 రెట్లు తేలికగా ఉందని లెక్క కట్టాడు. ఇప్పటి లెక్క ప్రకారం 14 రెట్లు. ఆనాటి తక్కెడలతో, తిత్తులతో ఇంత దగ్గరికి రావడం చిన్న విషయం కాదు.

ఇంకో పని కూడా చేశాడు. ఈ మండే గాలిని మామూలు గాలితో రకరకాల పాళ్లలో కలిపి వెలిగించి, ఏ పాళ్లలో కలిపితే ఎంత గట్టిగా పేలుతోందో రాసుకున్నాడు. మన పిల్లలు కేక పెట్టి వదిలేసే ఆ టప్పుమనే చప్పుడును కూడా ఆయన ఒక కొలతగా చూశాడు. ఈ పనికి ఆయనకూ కోప్లే పతకం వచ్చింది. తండ్రికి వచ్చిన తొమ్మిదేళ్లకు కొడుక్కి.

అందరూ చూసిన చెమ్మ

ఇప్పుడు 1781కి వద్దాం. బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే పేరున్న శాస్త్రవేత్త ఉన్నాడు. ఆక్సిజన్ కనిపెట్టిన వాళ్లలో ఒకడు. ఆయన స్నేహితుడు జాన్ వాల్టైర్ ఊరూరా తిరిగి సైన్స్ ఉపన్యాసాలు ఇచ్చేవాడు. వీళ్లు మూసిన పాత్రలో మండే గాలినీ మామూలు గాలినీ కలిపి, విద్యుత్ రవ్వతో అంటించి చూశారు. పేలుడు అయ్యాక గాజు పాత్ర లోపల మంచులా చెమ్మ పట్టింది. ఇద్దరూ చూశారు. చూసినట్టు రాశారు కూడా.

కానీ వాళ్ల మనసు వేరే ప్రశ్న మీద ఉంది. వేడికి బరువు ఉంటుందా, పేలుడుతో వేడి పోతే పాత్ర బరువు తగ్గుతుందా అని చూస్తున్నారు. చెమ్మ సంగతి వచ్చేసరికి, గాలిలో ఉన్న తేమే బయట పడి ఉంటుంది అనుకుని ముందుకు వెళ్లిపోయారు. అది చదివినప్పుడు నాకు మా ల్యాబ్ టేబుల్ దగ్గర ట్యూబ్ పట్టుకుని నిలబడిన అమ్మాయి గుర్తొచ్చింది. నేనూ అచ్చం అదే చెప్పాను.

కావెండిష్ ఈ ప్రయోగాన్ని మళ్లీ చేశాడు. బరువు తగ్గడం ఆయనకు కనిపించలేదు. చెమ్మ మాత్రం కనిపించింది. అప్పుడాయన ప్రశ్న మార్చాడు. చెమ్మ ఎంత? గాలి ఎంత తగ్గింది? ఈ రెండూ కొలవడం మొదలుపెట్టాడు.

1000 పాళ్ల మామూలు గాలికి 423 పాళ్ల మండే గాలి కలిపి పేల్చినప్పుడు, మండే గాలి దాదాపు మొత్తం మాయమైంది. మామూలు గాలిలో ఐదో వంతు మాయమైంది. మిగిలింది పాత్ర గోడల మీది చెమ్మ. ఈ అంకెల్ని ఒక్క నిమిషం చూడండి. గాలిలో సుమారు ఐదో వంతు ఉండేది ఆక్సిజన్ అని ఇప్పుడు మనకు తెలుసు. అంటే 1000లో 200 పైచిలుకు. దానికి రెట్టింపు 423కు చాలా దగ్గర. మన పిల్లలు హెచ్ టూ ఓ అని కంఠతా పట్టే మాటలోని ఆ రెండు ఇక్కడి నుంచి వచ్చిందే.

మరి ఆ చెమ్మ గాలిలో ముందే ఉన్న తేమ కాదని ఎలా నమ్మాలి? దీనికి ఆయన చేసిన పని నాకు అన్నింటికంటే నచ్చింది. చెమ్మతో సరిపెట్టుకోకుండా, కళ్ల ముందు పోసి చూపించగలిగినన్ని నీళ్లు కావాలనుకున్నాడు. 8 అడుగుల పొడవు, ముప్పావు అంగుళం వెడల్పు ఉన్న గాజు గొట్టం తీసుకున్నాడు. రాగి గొట్టాల్లోంచి ఒకవైపు మండే గాలి, ఇంకోవైపు దానికి రెండున్నర రెట్లు మామూలు గాలి వచ్చేలా పెట్టి, మొదట్లో కొవ్వొత్తితో అంటించాడు. మండిన గాలి ఆ పొడవాటి గొట్టం వెంట పోతూ చల్లబడింది. అలా మన లెక్కలో 32 లీటర్ల దాకా మండే గాలిని మండించాడు.

చివరికి గొట్టంలో చేరింది 135 గ్రెయిన్లు, అంటే 9 గ్రాముల లోపే. రెండు టీ స్పూన్లు కూడా నిండవు. దానికి రుచి లేదు, వాసన లేదు. ఆవిరి చేసి చూస్తే అడుగున మడ్డి కూడా మిగల్లేదు. అవి మంచినీళ్లే. గాలిలో ఉండే తేమతో ఇన్ని నీళ్లు రావు. మంటే నీళ్లను పుట్టించింది.

అప్పటి దాకా వేల ఏళ్లుగా నీళ్లు, గాలి, నిప్పు వేటికవే మూల పదార్థాలని మనుషులు నమ్మారు. మన పంచభూతాల్లోనూ ఇవి మూడు. ఒక గాలి ఇంకో గాలిలో మండితే నీళ్లు పుడతాయని రెండు స్పూన్ల నీళ్లు చూపించాయి.

పుల్లటి నీళ్లు, మిగిలిన బుడగ

ఇంత పెద్ద విషయం తెలిశాక ఇంకొకరైతే మర్నాడే చెప్పుకునేవారు. కావెండిష్ మూడేళ్లు ఆగాడు. కారణం ఒక చిన్న తేడా. మామూలు గాలికి బదులు ఆక్సిజన్ వాడి రవ్వతో పేల్చినప్పుడు కొన్నిసార్లు నీళ్లు పుల్లగా, యాసిడ్ కలిసినట్టు వచ్చేవి. అది ఎందుకో తేలకుండా ఆయన కదలలేదు. ఆక్సిజన్‌లో కొద్దిగా కలిసిపోయిన నత్రజని వల్ల నైట్రిక్ యాసిడ్ పుడుతోందని పట్టుకున్నాకే 1784లో పత్రం చదివించాడు.

ఈలోగా వార్త ఊరు దాటింది. ఆయన సహాయకుడు చార్లెస్ బ్లాగ్డెన్ 1783లో పారిస్ వెళ్లినప్పుడు లవోజియేకు ఈ సంగతి చెప్పాడు. లవోజియే వెంటనే ప్రయోగం చేసి, నీరు మూల పదార్థం కాదని ప్రకటించాడు. ఆవిరి యంత్రంతో పేరుపడ్డ జేమ్స్ వాట్ కూడా తనకు ముందే తెలుసన్నాడు. నీళ్ల రహస్యం ఎవరిది అన్న తగవు కావెండిష్ పోయిన చాలా ఏళ్లకు కూడా నడిచింది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కొలత కావెండిష్‌ది, కానీ అర్థం సరిగ్గా చెప్పింది లవోజియే. మండే వస్తువుల్లో ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుందని ఆ కాలంలో ఒక సిద్ధాంతం. అది తప్పు. కావెండిష్ తన ఫలితాలను ఆ తప్పు సిద్ధాంతంతోనే వివరించాడు. మండే గాలికి హైడ్రోజన్ అన్న పేరు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. నీటిని పుట్టించేది అని దాని అర్థం. మీలో తెలుగు మీడియంలో చదివిన వాళ్లకు ఉదజని అన్న మాట గుర్తుండే ఉంటుంది. ఉదకం అంటే నీరు. ఆ కథంతా మన పాత తెలుగు పుస్తకాల్లో ఒక్క మాటలో ఇమిడి ఉంది.

పుల్లటి నీళ్ల వెంట పడి వెళ్లిన దారిలోనే ఆయనకు ఇంకోటి దొరికింది. 1785లో గాలిలోని నత్రజనినంతా విద్యుత్ రవ్వలతో యాసిడ్‌గా మార్చేయాలని చూశాడు. ఎన్ని రవ్వలు పంపినా చివరికి ఒక చిన్న బుడగ కరగకుండా మిగిలింది. మొదటి నత్రజనిలో అది 120వ వంతుకు మించదు. ప్రయోగంలో పొరపాటు అని కొట్టేయొచ్చు. ఆయన కొట్టేయలేదు, అంకెతో సహా రాసి పెట్టాడు. 109 ఏళ్ల తర్వాత, 1894లో, రేలీ, రామ్సే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గాలిలో ఆర్గాన్ అనే వాయువును కనిపెట్టారు. కావెండిష్ రాసి పెట్టిన ఆ బుడగ అదే. 1904లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి.

మనుషులంటే భయం

ఇంత ఓపిక ఉన్న మనిషికి మనుషుల ముందు నిలబడటం మాత్రం చేతనయ్యేది కాదు. కొత్తవాళ్లు పలకరిస్తే తడబడి పక్కకు తప్పుకునేవాడు. ఆడవాళ్లంటే మరీ బెదురు. ఇంట్లో పనివాళ్లకు రాత్రి భోజనానికి ఏం వండాలో చీటీ రాసి పెట్టేవాడు. వెలిసిపోయిన ఊదా రంగు కోటు, పాతకాలపు మూడు మూలల టోపీ ఆయన వేషం. చనిపోయేనాటికి ఆస్తి దాదాపు 10 లక్షల పౌండ్లు, ఇంగ్లండ్‌లోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. పెళ్లి చేసుకోలేదు. ఆయన బొమ్మ ఒక్కటే మిగిలింది. అది కూడా ఒక చిత్రకారుడు ఆయనకు తెలియకుండా చాటుగా గీసుకున్నది.

అయినా ఆయన మనుషులను పూర్తిగా వదులుకోలేదు. రాయల్ సొసైటీ వాళ్లు కలిసి భోజనం చేసే క్లబ్బుకు ప్రతి గురువారం క్రమం తప్పకుండా వెళ్లేవాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్లి ముఖంలోకి చూడకూడదని తోటి శాస్త్రవేత్తలు తెలుసుకున్నారు. పక్కన నిలబడి, గాలితో చెబుతున్నట్టు విషయం చెప్పాలి. ఆ విషయం ఆయనకు పట్టేదైతే నెమ్మదిగా జవాబు వచ్చేది. ఆయన్ను మార్చాలని చూడకుండా, తమ పద్ధతి మార్చుకున్న ఆ స్నేహితుల ఓపిక కూడా నాకు గొప్పగానే అనిపిస్తుంది.

66 ఏళ్ల వయసులో ఆయన భూమి సాంద్రతను కొలిచాడు. స్నేహితుడు జాన్ మిచెల్ తయారు చేసి, వాడకుండానే చనిపోయిన పరికరాన్ని తెచ్చుకుని బాగు చేసుకున్నాడు. ఒక్కొక్కటి సుమారు 158 కిలోల సీసపు గుండ్లు రెండు, తీగకు వేలాడే కర్రకు రెండు చిన్న గుండ్లు. పెద్దవి చిన్నవాటిని ఎంత లాగుతున్నాయో చూడాలి. మనిషి ఒంటి వేడికి గదిలో గాలి కదిలినా లెక్క తప్పుతుంది. అందుకని తాను గది బయట నిలబడి టెలిస్కోపుతో లోపలికి చూశాడు. భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లు అని 1798లో ప్రకటించాడు. ఇప్పటి లెక్క 5.51.

పెట్టెలో ఉండిపోయిన కాగితాలు

1810 ఫిబ్రవరి 24న, 78 ఏళ్ల వయసులో, కావెండిష్ లండన్ పక్కన క్లాపమ్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. డార్బీలోని చర్చిలో, తన కుటుంబం వాళ్ల పక్కనే సమాధి చేశారు.

ఇక్కడి దాకా చదివి మౌనమే మంచిదన్నమాట అనుకోకండి. కథలో బాధ కలిగించే భాగం ఇప్పుడే వస్తుంది. ఆయన మిగిల్చిన కాగితాల్లో విద్యుత్ మీద చేసిన ప్రయోగాలు కట్టలుగా ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం ఎవరికీ చూపించలేదు. చాలా ఏళ్లకు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ వాటిని చదివి, సరిచూసి, 1879లో అచ్చు వేయించాడు. అప్పుడు తెలిసింది, విద్యుదావేశాల మధ్య బలం గురించి కూలుంబ్ 1785లో చెప్పిన నియమం కావెండిష్ ముందే తేల్చుకున్నాడని. 1827లో ఓమ్ పేరుతో వచ్చిన నియమానికి కూడా ఆయన 1781 నాటికే చేరుకున్నాడు. కరెంటు కొలిచే మీటర్లు లేని కాలం. తన ఒంట్లోంచి షాక్ పోనిచ్చి, ఏది ఎక్కువ తగిలిందో పోల్చి చూసుకుని లెక్క వేశాడు. మన పిల్లలు ఇవాళ చదివే ఆ రెండు నియమాలూ వేరే పేర్లతో ఉన్నాయి. పేరు పోతే పోయింది. ఆయన ఒళ్లు హూనం చేసుకుని తెలుసుకున్నదాన్ని ఇంకొకరు మొదటి నుంచి మొదలుపెట్టి తెలుసుకోవాల్సి వచ్చింది.

కావెండిష్ వంశానికే చెందిన ఏడో డెవన్‌షైర్ డ్యూక్ ఇచ్చిన డబ్బుతో 1874లో కేంబ్రిడ్జ్‌లో కావెండిష్ లేబొరేటరీ మొదలైంది. ఎలక్ట్రాన్ దొరికింది అక్కడే. డీఎన్‌ఏ మెలిక ఆకారం తేలింది అక్కడే. డిగ్రీ తీసుకోకుండా హెన్రీ వెళ్లిపోయిన ఊళ్లోనే ఇప్పుడు ఆ ఇంటి పేరు ఒక ల్యాబ్ గుమ్మం మీద ఉంది.

మన ల్యాబ్‌లో, మీ వంటింట్లో

ఆ అమ్మాయి టెన్త్ పూర్తి చేసి ఇంటర్‌కు వెళ్లిపోయింది. నేను రాసిన రిపోర్టు వాళ్లింట్లో ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది. ఆమె తమ్ముడు మన స్కూల్లోనే చదువుతున్నాడు కాబట్టి ఈ పేజీ ఆ ఇంటికి చేరుతుందని ఆశ. అమ్మా, నువ్వు చూపించినవి నీళ్లే కావచ్చు. నేను ఆగి చూసి ఉండాల్సింది.

ఆమె ట్యూబ్‌లోని చెమ్మ మంట వల్లే వచ్చిందని నేను ఇప్పుడు కూడా గట్టిగా చెప్పలేను. యాసిడ్ ట్యూబ్‌లోంచి తడి కూడా వచ్చి ఉండొచ్చు. అందుకే ఈ ఏడాది ప్రయోగం మార్చాం. హైడ్రోజన్‌ను ముందు కాల్షియం క్లోరైడ్ నింపిన గొట్టంలోంచి పంపి తేమ లాగేస్తున్నాం. దాంట్లో గాలి కలిసి లేదని చిన్న ట్యూబ్‌తో పరీక్షించాకే సన్నని మొన దగ్గర వెలిగిస్తున్నాం. ఆ మంట మీద పొడిగా, చల్లగా ఉన్న బీకర్ పట్టుకుంటే లోపల చుక్కలు కడతాయి. నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్ కాగితం వాటికి తగిలితే గులాబీ రంగుకు మారుతుంది. తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు, నాతో సహా. చూసింది ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. చెయ్యి ఎత్తని పిల్లల చీటీల్లో ఎంత ఉంటుందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఒక జాగ్రత్త. యాసిడ్‌తో, లోహాలతో ఈ ప్రయోగం ఇంట్లో చేయనివ్వకండి. బాత్రూమ్ క్లీనర్లతో చేసే వీడియోలు పిల్లల ఫోన్లలో తిరుగుతుంటాయి. గాలి కలిసిన హైడ్రోజన్ సీసాను ముక్కలు చేయగలదు. స్కూల్లో కళ్లద్దాలు పెట్టుకుని, టీచర్ ఎదుట మాత్రమే చేయాలి.

ఇంట్లో చూడటానికి ఇంకోటి ఉంది. స్టీలు గిన్నెలో మామూలు కుళాయి నీళ్లు పోసి, బయట పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, మీరే గ్యాస్ పొయ్యి మీద పెట్టండి. మంట వెలిగించిన కొద్ది క్షణాల్లో గిన్నె బయటి వైపు సన్నగా చెమ్మ పడుతుంది. గిన్నె వేడెక్కగానే పోతుంది. వంట గ్యాస్‌లోనూ హైడ్రోజన్ ఉంటుంది, అది మండితే నీళ్లే పుడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నె మాత్రం వాడకండి. దానికి మంట లేకపోయినా గాలిలోని తేమే పడుతుంది, అప్పుడు మీరూ వాల్టైర్ లాగే పొరబడతారు. మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన నిలబెట్టుకుని చూపించండి. జవాబు మీరు చెప్పకండి. ఆ చెమ్మ ఎక్కడిదో రెండు రోజులు వాళ్లనే ఆలోచించనివ్వండి.

పేరెంట్ మీటింగ్‌లో మీలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న, మా వాడు క్లాసులో మాట్లాడుతున్నాడా అని. అడగండి, తప్పు లేదు. దానితో పాటు, మా వాడు ఏం గమనిస్తున్నాడు అని కూడా అడగండి. నా దగ్గర జవాబు లేకపోతే ఆ తప్పు నాది. మాట్లాడని పిల్లలను నలుగురిలో నిలబెట్టి మాట్లాడించక్కర్లేదు. ఒక నోట్‌బుక్ కొనిపెట్టండి. చూసింది అందులో రాయమనండి. రాసింది మీకో, నాకో, ఒక స్నేహితుడికో, ఎవరో ఒక్కరికి చూపించడం మాత్రం అలవాటు చేయండి. కావెండిష్ కాగితాల్లా పెట్టెలో ఉండిపోకూడదు.

వచ్చే మీటింగ్‌కు ఆ నోట్‌బుక్ తీసుకురండి. మార్కుల కంటే ముందు అదే చూద్దాం.

మీ పిల్లల కెమిస్ట్రీ టీచర్